యూనియన్ ఆఫీసు బీరువాలో దొరికిన స్పూల్ టేపులు: పాత ఉపన్యాసాలను చెడకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా

1950, 60ల్లో జరిగిన కార్మిక సభలు, మునిసిపల్ పన్నుల మీద చర్చలు, గ్రంథాలయ వార్షికోత్సవ ప్రసంగాలు ఎక్కడైనా మిగిలి ఉంటే చాలావరకు పావు అంగుళం వెడల్పున్న స్పూల్ టేపుల (చక్రానికి చుట్టిన అయస్కాంత టేపుల) మీదే ఉంటాయి. అలాంటి డబ్బా దొరకగానే అందరూ చేసే పని ఒకటే: మెషిన్ అరువు తెచ్చి ప్లే నొక్కడం. ముందుగా మానుకోవలసింది అదే. అరవై డెబ్భై ఏళ్ల టేపు శుభ్రంగా ఒక్కసారి ఆడుతుందేమో, రెండోసారికి హామీ లేదు. ఆ ఒక్కసారికి అన్నీ సిద్ధం చేసుకోవడమే ఈ పనిలో ముప్పావు వంతు.

డబ్బాలో టేపు కాక వెంట్రుక మందం స్టీలు తీగ చుట్ట ఉంటే అది వైర్ రికార్డింగ్. అల్యూమినియం పలక మీద నల్లటి పూత వేసిన పెద్ద డిస్కు ఉంటే అది లాకర్ డిస్కు. ఆ రెండింటినీ ఇంట్లో ముట్టుకోకండి. తీగ చిక్కుపడితే విడదీయలేం. లాకర్ పూత పెచ్చులూడితే తిరిగి అంటించలేం. గుడ్డలో కాకుండా కాగితం కవరులో నిలబెట్టి, పరికరాలున్న సంస్థకు అప్పగించండి. ఇక్కడి నుంచి అంతా స్పూల్ టేపు గురించే.

1. ముందు చూపు, ముక్కు

డబ్బా తెరవకముందే నాలుగు వైపులా ఫొటోలు తీయండి. తెరిచాక లోపలి చీటీలు, స్పూలు మీద పెన్సిల్ రాతలు కూడా తీయండి. డబ్బా మీద ఉన్నది లోపల ఉందని నమ్మకండి. సభ అయ్యాక చేతికందిన ఖాళీ డబ్బాలో టేపు పెట్టేయడం అప్పట్లో మామూలే.

తర్వాత టేపు దేనితో చేసిందో తేల్చాలి. స్పూలును పక్కనుంచి దీపానికి అడ్డంగా పట్టుకోండి. చుట్ట గుండా వెలుతురు మసకగా కనబడితే అసిటేట్, చీకటిగా ఉంటే పాలియెస్టర్. అసిటేట్ లాగితే సాగదు, టక్కున తెగుతుంది. తెగిన అంచులు నీటుగా ఉంటాయి కాబట్టి అతికితే ఒక్క అక్షరం పోదు. పాలియెస్టర్ తెగేముందు సాగుతుంది, సాగిన చోట మాట శాశ్వతంగా పోతుంది. ఈ విషయంలో పాత రకమైన అసిటేటే నయం. జర్మన్ టేపుల్లో పీవీసీతో చేసినవీ కనిపిస్తాయి. వాటినీ వేడికి దూరంగా ఉంచాలి.

వెనిగర్ వాసన వస్తే అసిటేట్ కుళ్లడం మొదలైందని అర్థం. ఒక టేపు నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి పక్క టేపునూ పాడుచేస్తుంది కాబట్టి దాన్ని వెంటనే విడిగా, గాలి ఆడే చోట పెట్టండి. వరసలో మొదట ఎక్కించాల్సిందీ అదే. తీవ్రత కొలవడానికి ఏ-డి స్ట్రిప్స్ అనే రంగు కాగితాలు దొరుకుతాయి. నీలం నుంచి ఆకుపచ్చ, పసుపు వైపు మారేకొద్దీ గడువు దగ్గరపడినట్టు.

ఇంటర్నెట్‌లో అందరూ చెప్పే 'టేపును ఓవెన్‌లో వేడిచేయడం' అనే చిట్కా వీటికి వర్తించదు. అది 1970ల నుంచి వచ్చిన కొన్ని పాలియెస్టర్ టేపుల జిగురు జబ్బుకు చేసే వైద్యం. అసిటేట్‌ను వేడిచేస్తే ముడుచుకుని చేతికి రాకుండా పోతుంది.

మన కోస్తా ఊళ్లలో బూజు తప్పదు. తెల్లటి పొడి కనబడితే ఎన్-95 మాస్కు, గ్లవ్స్ వేసుకుని ఆరుబయట పని చేయండి. ముందు నాలుగైదు రోజులు పొడి గదిలో సిలికా జెల్‌తో ఆరనిచ్చి, ఆ తర్వాత మెత్తటి బ్రష్‌తో అంచులు దులపాలి. తడి బూజును తుడిస్తే పొరల మధ్యకు పూసినట్టవుతుంది. ఏసీ గదిలో ఉన్న టేపును ఉక్క గదిలోకి తెస్తే మంచు బిందువులు పడతాయి. ప్లాస్టిక్ సంచిలో కట్టి, 24 గంటలు బయటి వేడికి అలవాటు పడ్డాకే విప్పండి.

2. మెషిన్ ఎంపిక

రెండు విషయాలు చూడాలి: వేగం, ట్రాకులు (టేపు వెడల్పులో మాట ఎన్ని వరసల్లో రికార్డైందో). ట్రాకుల సంగతి అయిదో భాగంలో. ఆ కాలపు సభల టేపులు ఎక్కువగా సెకనుకు 7.5 లేదా 3.75 అంగుళాల వేగంతో ఉంటాయి, అంటే 19 లేదా 9.5 సెంటీమీటర్లు. పొదుపు కోసం 4.75 సెంటీమీటర్ల వేగంతో తీసినవీ ఉంటాయి. 7 అంగుళాల స్పూలు మీద 1200 అడుగుల టేపు 7.5 వేగంతో 32 నిమిషాలు, 3.75తో 64 నిమిషాలు వస్తుంది. పలచటి 1800 అడుగుల టేపైతే 3.75 వేగంతో ఒక్కో వైపు 96 నిమిషాలు. ఈ లెక్క గుర్తుంటే, డబ్బా మీద 'పూర్తి ఉపన్యాసం, గంటన్నర' అని రాసి లోపల 1200 అడుగులే ఉన్నప్పుడు రెండో వైపు కూడా వెతకాలని ముందే తెలుస్తుంది.

అమెరికా నుంచి బంధువులు పంపిన డెక్ (టేపు మెషిన్) వాడేవాళ్లు ఒకటి గమనించాలి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 110 చేస్తుంది తప్ప 50 హెర్ట్జ్‌ను 60 చేయదు. సింక్రనస్ మోటారు (కరెంటు లయకే తిరిగే రకం) ఉన్న డెక్ ఇక్కడ 83 శాతం వేగంతో తిరుగుతుంది, గొంతులు బరువెక్కి నిద్రమత్తులో మాట్లాడినట్టు వినిపిస్తాయి. పుల్లీ మార్పించాలి, లేదా అలాగే ఎక్కించి సాఫ్ట్‌వేర్‌లో వేగాన్ని 1.2 రెట్లు చేయాలి. రెవాక్స్ ఏ77, బీ77 వంటి, తమ వేగాన్ని తామే సరిచూసుకునే సర్వో మోటారు మెషిన్లకు ఈ తంటా లేదు. అయితే ఏ పాత మెషిన్‌ను తెచ్చినా కెపాసిటర్లు పొగలు కక్కే వయసులో ఉంటాయి. తెలిసిన మెకానిక్ చూశాక, పనికిరాని టేపుతో రెండు గంటలు ఆడించాకే అసలు టేపు ఎక్కించండి.

ఇంకా కావలసినవి: లైన్ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్, తెగిన కొసలను ఆనించి అతకడానికి అర అడుగు స్ప్లైసింగ్ దిమ్మె, ఆ అతుకు వేసే స్ప్లైసింగ్ టేపు, కొసకు అతికే ఖాళీ లీడర్ టేపు, ఖాళీ స్పూళ్లు రెండు. ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో తీగ గుచ్చి పని కానివ్వొద్దు. అది మోనో, పైగా డెక్ లైన్ ఔట్ బలానికి మాట చిట్లిపోతుంది.

3. హెడ్లు తుడవడం

ప్రతి టేపుకు ముందు తుడవాలి, రాలే టేపైతే మధ్యలో కూడా. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి, టేపును చదివే హెడ్లు, టేపు తాకే ఇనుప గైడ్లు గోధుమ రంగు అంటని దాకా తుడవండి. శానిటైజర్ వద్దు, అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి. రబ్బరు రోలర్‌కు ఆల్కహాల్ తగిలిస్తే గట్టిపడి పగులుతుంది కాబట్టి సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డ వాడి, పొడి గుడ్డతో ఒత్తండి.

డీమాగ్నెటైజర్ (హెడ్లకు పట్టిన అయస్కాంతాన్ని పోగొట్టే సాధనం) ఉంటే మెషిన్ ఆపేసి, టేపులన్నీ గది బయట పెట్టి వాడాలి. దాన్ని హెడ్‌కు అర మీటరు పైన దూరంలో ఆన్ చేసి, మెల్లగా దగ్గరికి తెచ్చి, అంతే మెల్లగా దూరం తీసుకెళ్లాకే ఆపాలి. దగ్గర ఉండగా ఆపితే ఉన్న అయస్కాంతం పోకపోగా కొత్తది అంటుకుంటుంది.

4. టేపు చుట్టడం, అతుకులు

ఫాస్ట్ ఫార్వర్డ్ ముట్టుకోవద్దు. టేపును ఒకసారి ప్లే వేగంతోనే హెడ్లకు తగలకుండా రెండో స్పూలుకు చుట్టి, మళ్లీ వెనక్కి తెండి. పొరలు వదులై, ఒక పొర మాట పక్క పొరకు అంటడం వల్ల వచ్చే ముందస్తు ప్రతిధ్వని కొంత తగ్గుతుంది. వక్త 'అధ్యక్షా' అనకముందే ఎక్కడో దూరంగా 'అధ్యక్షా' అని వినబడేది ఇదే.

ఈ చుట్టడంలోనే పాత అతుకులు ఊడిపోతాయి. ఊడనివ్వండి, ప్లే మధ్యలో ఊడటం కంటే మేలు. పాత జిగురును పొడి గుడ్డతో తుడిచి, రెండు కొసలను దిమ్మెలో ఆనించి, టేపు మెరిసే వైపు, అంటే పూత లేని వైపు, స్ప్లైసింగ్ టేపు వేయాలి. మామూలు సెలోటేపు వేస్తే జిగురు పక్కలకు కారి పై పొరనూ కింది పొరనూ కలిపి పట్టేస్తుంది. ఎండిన సెలోటేపు అతుకులు మన టేపుల్లో చాలా ఉంటాయి, వాటిని వరసగా మార్చుకుంటూ పోవాలి. తెగిన ముక్కను పారేయకండి, ముక్క ఎంత చిన్నదైనా అందులో మాట ఉంటుంది.

5. వేగం, ట్రాకు, హెడ్ కోణం

టేపు మధ్యలో కాకుండా చివర ఒక అర నిమిషం ఆడించి వేగం తేల్చండి. గొంతు చిలకపలుకుల్లా ఉంటే మెషిన్ వేగం సగానికి తగ్గించాలి, మూలుగులా ఉంటే రెట్టింపు చేయాలి.

వెనక ఎవరో అరబ్బీలాంటి భాషలో మాట్లాడుతున్నట్టు వినిపిస్తే రెండో వైపు మాట తిరగబడి వస్తోందన్నమాట. టేపు సగం వెడల్పులో ఒక వైపు, మిగతా సగంలో మరో వైపు రికార్డై ఉంది, మీ హెడ్ రెండింటినీ చదువుతోంది. దీన్ని మన లాభానికే వాడుకోవచ్చు. స్టీరియో హెడ్‌తో ఆడిస్తే ఒక చానల్‌లో మొదటి వైపు సూటిగా, మరో చానల్‌లో రెండో వైపు తిరగబడి పడతాయి. సాఫ్ట్‌వేర్‌లో రివర్స్ చేస్తే రెండు వైపులూ ఒక్క ఆటలో వచ్చేసినట్టే. బాగా పెళుసైన టేపులకు ఇంతకు మించిన ఉపాయం లేదు. చిక్కల్లా, రెండు వైపులను వేర్వేరు రోజుల్లో వేర్వేరు మెషిన్ల మీద తీసి ఉంటే హెడ్ కోణం ఒకదానికే సరిపోతుంది.

ఆ కోణాన్నే అజిమత్ అంటారు. హెడ్‌లోని సన్నటి చీలిక, రికార్డు చేసినప్పటి మెషిన్ చీలికకు సమాంతరంగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా స, శ, ష, చ ధ్వనులు ముసుగు కప్పుకుంటాయి. హెడ్ పక్కన ఉండే మర ప్రస్తుత స్థానాన్ని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, చిన్న స్క్రూడ్రైవర్‌తో పావు చుట్టుకు మించకుండా అటూ ఇటూ తిప్పుతూ ఆ ధ్వనులు ఎక్కడ పదునెక్కుతాయో చెవితో పట్టాలి. ఈ పని ప్రతి టేపుకూ కొత్తగా చేయాలి. మొత్తం మార్గదర్శిలో ఒక్క అడుగే పాటించే ఓపిక ఉందంటే దీన్నే పాటించండి. ఇక్కడ పోగొట్టుకున్న స్పష్టతను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి ఇవ్వదు.

శబ్దం మొత్తం దిండు కింద నుంచి వస్తున్నట్టుంటే మాత్రం కోణం కాదు, టేపు తిరగబడి ఉంది. మసక గోధుమ వైపు హెడ్‌కు తగలాలి.

6. ఎక్కించడం

సెట్టింగులు: 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలు. అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం ఐఏఎస్ఏ చెప్పే కనీస స్థాయి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు. డిస్కులో చోటు తక్కువైతే అంతవరకు దిగొచ్చు, ఎంపీ3కి మాత్రం దిగొద్దు. రెండు చానళ్లతో 96 మీద గంటకు 2 జీబీ అవుతుంది. మామూలు వేవ్ ఫైలు 4 జీబీ దాటదు కాబట్టి రెండు గంటల లోపే ఆపి కొత్త ఫైలు మొదలుపెట్టండి.

లెవెల్ పెట్టేటప్పుడు వక్త గొంతు చూసి మోసపోవద్దు. చప్పట్లు, జిందాబాద్‌లు దానికంటే ఎత్తుకు వెళ్తాయి. అత్యధిక శబ్దం సున్నాకు 6 నుంచి 10 డెసిబెల్స్ కింద ఆగేలా చూసుకుంటే చాలు. ఆటోమేటిక్ లెవెల్, నాయిస్ తగ్గింపు, డాల్బీ అన్నీ ఆపేయండి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపితే కొత్త హమ్ (కరెంటు వల్ల వచ్చే గుంయిమనే మోత) చేరదు.

ఆడుతున్నంతసేపూ పక్కనే కూర్చుని హెడ్‌ఫోన్‌తో వినాలి. ఒక గంట టేపుకు మూడు గంటల పని అనుకుని మొదలుపెట్టండి. వింటూనే చిట్టా రాయండి: '12.40 – బోనస్ లెక్క, కాగితం చూసి చదువుతున్నారు. 14.05 – చప్పట్లు. 14.30 – మైకు కూత, 20 సెకన్లు మాట వినబడదు.' కూత టేపులోదా, మీ మెషిన్‌దా అన్నది ఆ క్షణంలో మీకే తెలుస్తుంది, పదేళ్ల తర్వాత ఎవరికీ తెలియదు.

కీచుమని అరుపు మొదలైతే ఆపండి, హెడ్లు తుడవండి. శబ్దం ఆగి ఆగి వస్తుంటే టేపు వంకర తిరిగి హెడ్‌కు ఆనడం లేదు. మెత్తటి దూదిపుల్లతో వెనకనుంచి లేశమాత్రం ఆనిస్తే నిలబడుతుంది. గట్టిగా అదిమితే పూత రాలుతుంది.

7. కరెంటు హమ్ చెప్పే సంగతి

మైకు సెట్టు నుంచి టేపులోకి దిగిన 50 హెర్ట్జ్ హమ్ వేగాన్ని సరిచూడటానికి పనికొస్తుందని చాలామందికి తెలుసు. సాఫ్ట్‌వేర్ స్పెక్ట్రంలో (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత ధ్వని ఉందో చూపే పటంలో) అది 52 దగ్గర కనిపిస్తే టేపు 4 శాతం వేగంగా ఆడుతోందని లెక్క. ఇక్కడొక మెలిక ఉంది. రికార్డరు మోటారు కరెంటు లయకే తిరిగే రకమైతే, కరెంటు 48కి పడిపోయిన సాయంత్రం మోటారూ అంతే మందగించింది, హమ్మూ 48కే వచ్చింది. ఇప్పుడు సరైన వేగంతో ఆడిస్తే హమ్ చక్కగా 50 చూపిస్తుంది, వక్త గొంతు మాత్రం 4 శాతం పైకి లేచి ఉంటుంది. అప్పుడు హమ్‌ను వదిలి, ఆ వక్త గొంతు బాగా తెలిసినవాళ్లనే అడగాలి.

బ్యాటరీ రికార్డరైతే కథ తిరగబడుతుంది. బ్యాటరీ నీరసించేకొద్దీ టేపు మెల్లగా కదిలింది, కనుక ఇప్పుడు చివరికి వచ్చేసరికి గొంతు సన్నబడి పరుగెత్తుతుంది. ఇక్కడ హమ్ నిజమే చెబుతుంది. ప్రతి అయిదు నిమిషాలకు దాన్ని కొలిచి, వినే కాపీలో ముక్కముక్కకూ వేగం సరిదిద్దవచ్చు. అసలు ఫైలులో ఏమీ మార్చకూడదు.

8. తేదీ లేని ఉపన్యాసానికి తేదీ కట్టడం

వక్త, ఊరు, తేదీ తెలియని ఉపన్యాసం ఎంత స్పష్టంగా ఉన్నా అనామకమే. డబ్బా మీద ఏమీ లేకపోతే ముందు ఫైలులో చివరి అయిదు నిమిషాలు వినండి. వందన సమర్పణ అక్కడుంటుంది. హాలు ఇచ్చినవారు, మైకు పెట్టినవారు, అధ్యక్షత వహించినవారు, పొరుగూరి నుంచి వచ్చిన అతిథి, అందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా ఒక్కచోట దొరికేది ఆ భాగమే. సభికులు లేచిపోతున్నారని రికార్డింగ్ ఆపేసి ఉంటే మొదట్లో అధ్యక్షుడి పరిచయం వినాలి.

తర్వాత మాటల్ని బట్టి కాలం కట్టాలి. సూత్రం ఒకటే: కొత్త మాట వినబడితే అంతకు ముందుది కాదని ఖాయం, పాత మాట వినబడితే ఏమీ ఖాయం కాదు. 'నయాపైసలు' అన్నారంటే 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చిన చుట్టుపక్కలో, ఆ తర్వాతో. 'అణా' అన్నారని 1957కు ముందుదని రాయలేం, జనం నోట అణాలు చాలా ఏళ్లు నిలిచాయి. 'హిందుస్థాన్ షిప్‌యార్డ్' అంటే 1952కు ముందు కాదు. అదే షిప్‌యార్డ్ పాత పేరు 'సింధియా' అంటే ఏ సంవత్సరమైనా కావచ్చు, విశాఖలో ఆ పేరు ఈరోజుకీ పోలేదు.

ఇలాంటివే మరికొన్ని. రాజధాని కర్నూలు అని వర్తమానంలో చెబితే 1953 అక్టోబర్ 1కీ 1956 నవంబర్ 1కీ మధ్య. కార్మిక సంఘాల్లో 'ఐఎన్‌టీయూసీ' 1947 నుంచి, 'సీఐటీయూ' 1970 నుంచి. 'పంచాయతీ సమితి' మన దగ్గర 1959 నుంచి. విశాఖ ఉక్కు ఉద్యమం ఊపందుకున్నది 1966లో. 'విజయవాడ కార్పొరేషన్' అన్నారంటే 1981 దాకా రావాలి, అప్పుడు అది మీరనుకున్న పాత టేపు కాదు. పదవులతో జాగ్రత్త. వి.వి. గిరిని 'కార్మిక మంత్రి' అన్నంత మాత్రాన కేంద్రంలో పనిచేసిన 1952-54 అని రాసేయకూడదు, 1946-47లో మద్రాసులోని ప్రకాశం మంత్రివర్గంలోనూ ఆయన ఉన్నారు. పక్కన ఢిల్లీ మాట ఉందా, మద్రాసు మాట ఉందా చూసుకోవాలి.

టేపు కూడా సాక్ష్యమే. పాలియెస్టర్ టేపు 1950ల నడుమ గానీ రాలేదు. క్యాసెట్ 1963లో వచ్చింది కనుక 'నలభై తొమ్మిది నాటి సభ' క్యాసెట్ మీద ఉంటే అది కాపీయే, అసలు టేపు ఇంకా ఎవరి అటకమీదో ఉండొచ్చు. వెతకండి.

ఇలా ఏడాదీ రెండేళ్ల వ్యవధికి దిగాక పాత ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, 1952 తర్వాతదైతే విశాలాంధ్ర సంపుటాలు తిరగేయాలి. సభ వార్త ఒకటి రెండు రోజుల తర్వాత పడుతుంది, జిల్లా పేజీలో ఇంకా ఆలస్యంగా. దొరకకపోతే 'సుమారు 1958-60' అని రాసి, ఎందుకలా అనుకున్నారో పక్కనే ఒక వాక్యం రాయండి. ఊహను తేదీగా రాస్తే తర్వాతివాళ్లు దాన్నే నమ్ముతారు.

9. వినే కాపీ

అసలు ఫైలును ముట్టుకోకుండా నకలు తీసి దాన్నే శుభ్రం చేయాలి. 70 హెర్ట్జ్ కింద కోసేయండి. 50, 100, 150 దగ్గర సన్నటి నాచ్ (ఆ ఒక్క చోటే కోసే ఫిల్టరు) పెట్టండి. బుస తగ్గించడం 6 నుంచి 8 డెసిబెల్స్‌కు మించొద్దు. ఎక్కువ పెడితే నీళ్లు పుక్కిలించినట్టు వస్తుంది, శ, స రెండూ ఒకటైపోతాయి. ఖాళీలను కత్తిరించే ఆప్షన్ తెలుగుకు ప్రమాదం. ద్విత్వాక్షరంలో ఉండే చిన్న మౌనాన్ని అది ఖాళీ అనుకుంటే 'అక్క' కాస్తా 'అక' అవుతుంది. అరుపులు, అడ్డు ప్రశ్నలు, నినాదాలు తీసేయకండి. ఆ సభలో ఎవరు ఎవరితో విభేదించారో చెప్పేవి అవే.

10. దాచడం, హక్కులు

ఫైలు పేరు తేదీతో మొదలవ్వాలి: ఏడాది, నెల, రోజు, ఆ తర్వాత ఊరు, వక్త ఇంటిపేరు, వైపు. పేరులో ఖాళీలు వద్దు. ప్రతి ఫైలుకూ షా-256 చెక్‌సమ్ (ఫైలు ఏమాత్రం మారినా పట్టిచ్చే గుర్తు) తీసి చిట్టాలో రాసుకుని, ఆరు నెలలకోసారి సరిచూడండి. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి వేరే ఊళ్లో. పెన్‌డ్రైవ్‌ను కాపీగా లెక్కపెట్టకండి.

బయట పెట్టేముందు రెండు హక్కులు వేరువేరుగా చూసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం కింద సౌండ్ రికార్డింగ్‌కు రక్షణ ప్రచురించిన ఏడాది తర్వాత 60 ఏళ్లు. ఉపన్యాసంలోని మాటలకు వక్త జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. టేపు యూనియన్‌దైనా మాటలు వక్త వారసులవి కావచ్చు. ఒక ఉత్తరం రాయించుకుని చిట్టాతో పాటు పెట్టుకుంటే గొడవ ఉండదు.

అసలు టేపును ఎక్కించాక పారేయకండి, తుడిచి వాడుకోవద్దు. ఆడిన తర్వాత వెనక్కి చుట్టకుండా, ప్లే వేగంతో చుట్టుకున్న ఆ బిగువు మీదే, చివర బయటికి ఉండేలా వదిలేయండి. కొసకు లీడర్ టేపు అతికి 'చివర బయట' అని పెన్సిల్‌తో రాసి, పాత డబ్బా ఆమ్లం పట్టి ఉంటే కొత్త డబ్బాలో, నిలబెట్టి, స్పీకర్లకూ ఇన్వర్టర్‌కూ దూరంగా ఉన్న అరలో పెట్టండి. పాత డబ్బా అట్టను విడిగా కవరులో దాచండి, దాని మీది రాత ఎవరిదో గుర్తుపట్టే మనిషి ఏదో ఒక రోజు ఆఫీసుకు వస్తారు.